కలిసిన బడి

మా బడిలో కొత్తగా చేరిన టీచర్లు ఎవరైనా నన్ను చూడటానికి ఇంటికి వస్తే, ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "ఇంతకీ ఇది ఏ సంఘం వాళ్ళ బడి అమ్మా?"

వాళ్ళ తప్పేమీ లేదు. గేటు దాటగానే మరియమాత గుహ, దాని ముందు పూలు. కాస్త లోపలికి పోతే బొమ్మ గానీ పటం గానీ లేని గోడ, దాని మీద బైబిలు వాక్యాలు మాత్రమే. స్టాఫ్ రూములో మెడలో జపమాల వేసుకున్న సిస్టర్ ఒక బల్ల దగ్గర పేపర్లు దిద్దుతుంటుంది. అదే బల్లకు ఆ పక్కన తెల్లచీర కట్టుకుని, చెవులకు కమ్మలైనా లేని టీచరు కూర్చుని ఉంటుంది. ఇద్దరి మధ్యా ఒకే మరమరాల పొట్లం. ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఒక్క మాటలో జవాబు చెప్పడం నాకు చేతకాదు. అందుకే వాళ్ళను కూర్చోమని, కాఫీ పెట్టి, మొదటినుంచి చెబుతాను. మీకూ అలాగే చెబుతాను.

నేను పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసింది అంతా మద్రాసులోని తొండియార్‌పేటలోనే. మా తాత నెల్లూరు వైపునుంచి హార్బరులో మూటలు మోయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా వీధి చుట్టుపక్కల ఉండేవాళ్ళంతా అలా వచ్చినవాళ్ళే. మగవాళ్ళు హార్బరు పనికి పోయేవాళ్ళు, ఆడవాళ్ళలో కొందరు రాయపురంలో చేపల గంపలు ఎత్తేవాళ్ళు. మిగతావాళ్ళు ఆడా మగా కార్పొరేషన్ కోటు తొడుక్కుని ఊరంతా ఊడ్చేవాళ్ళు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. గుళ్ళు మాత్రం ఒకదానికొకటి పడేవి కావు.

మాది చిలకరింపు సంఘం. పసిబిడ్డ తల మీద నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇస్తాం. రెండోవాళ్ళు కథోలికులు, పేటలో వాళ్ళను మాత గుడి వాళ్ళంటారు. మూడోవాళ్ళు తెల్లబట్టల వాళ్ళు. ఊహ తెలిసి నీళ్ళలో మునిగితేనే బాప్తిస్మం అంటారు. నగలు పెట్టుకోరు, విగ్రహం ఉన్న గదిలో అడుగుపెట్టరు. ముగ్గురూ చదివేది ఒకే గ్రంథం. ఆదివారం వస్తే మాత్రం ముగ్గురి మైకులూ ఒకరి గొంతు ఒకరికి వినపడకుండా పోటీ పడేవి.

మా వీధిలో తెలుగు బడులు రెండు, ఎదురెదురుగా. ఒకటి మా సంఘానిది. నేను అందులో టీచరుగా చేరి హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. రోడ్డుకు అవతల కన్యాస్త్రీలు నడిపే బడి. మే నెల వచ్చిందంటే రెండు బడుల టీచర్లూ ఎండలో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని అడిగేవాళ్ళం. "ఆ బడికి పంపితే బిడ్డ మెడలో జపమాల పడతాది" అని మా వాళ్ళు చెప్పేవాళ్ళు. "ఆ బడి కప్పు కారతాది" అని వాళ్ళ వాళ్ళు చెప్పేవాళ్ళు. రెండో మాట నిజమే. తెల్లబట్టల వాళ్ళకు బడి లేదు. మా రెండు బడుల్లోనూ ఏదో ఒకటి నచ్చక, వాళ్ళలో చాలామంది పిల్లల్ని తమిళ బడికి పంపేసేవాళ్ళు.

ఇలా మేము పోట్లాడుకుంటుండగా పిల్లలు తగ్గిపోయారు. తమిళం వస్తే ఉద్యోగం, ఇంగ్లీషు వస్తే ఇంకా మంచి ఉద్యోగం, తెలుగుతో ఏమొస్తుంది అని తల్లిదండ్రులు అనుకోవడంలో తప్పు పట్టలేం. ఒక్కో తరగతిలో వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి. తర్వాత మధ్య బెంచీలు. చివరకు విద్యాశాఖ అధికారిణి రెండు బడుల వాళ్ళనూ ఆఫీసుకు పిలిపించింది.

ఆమె తమిళావిడ. గట్టి మనిషి, కానీ వినే మనిషి. మా పాస్టరు అయ్యగారు, వాళ్ళ ఫాదరు ఆమె ముందు కూర్చున్నారు, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి. నేను, అవతలి బడి హెడ్‌మిస్ట్రెస్ సిస్టరు వెనక నిలబడ్డాం. "ఇంత తక్కువమందితో రెండు బడులు నడపలేం. కలిపేయండి, లేదా రెండూ మూసేస్తాం" అందామె. అయ్యగారు కమిటీని అడగాలన్నారు. ఫాదరు బిషప్పుగారిని అడగాలన్నారు. ఇద్దరి గొంతులోనూ కుదరదన్న మాటే వినపడింది. ఆమె ఇద్దర్నీ చూసి, నా వైపు తిరిగి తమిళంలో అడిగింది. "రెండు పేరుక్కుమ్ ఒరే సామి దానే అమ్మా?" ఇద్దరికీ ఒకే దేవుడే కదమ్మా, అని.

క్లాసులో పిల్లలు ఎలాంటి ప్రశ్న అడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం మధ్యలో ఖాళీగా ఉన్న ఆ కుర్చీ వైపు చూశాను.

ఆ ఏడు దీపావళి అవుతూనే వాన పట్టుకుంది. ఒక పొద్దున బడికి సెలవు ఇస్తారేమోనని అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఇవ్వలేదు. ఇచ్చి ఉన్నా మా పిల్లలు వచ్చేవాళ్ళే. వాన కురిసే రోజున వాళ్ళ అమ్మానాన్నలకు పని రెట్టింపు, కాలువలు తియ్యాలి. ఇంట్లో నీళ్ళు, బడిలో మధ్యాహ్నం వేడన్నం. బిడ్డలు ఎక్కడికి పోతారు?

హాల్లో ప్రార్థన జరుగుతోంది. మూడో తరగతి గదిలోంచి బస్తాలు జారిపడినట్టు చప్పుడు వచ్చింది. పరుగెత్తి చూస్తే కప్పులో సగం కింద ఉంది. మాది దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నం పోసిన పాతకాలపు మద్రాసు కప్పు. ఇటుకల కింద బెంచీలు నలిగిపోయి ఉన్నాయి. ప్రార్థన కాస్త ముందు ముగిసి ఉంటే ఆ బెంచీల మీద ఎవరుండేవాళ్ళో నాకు ఒక్కొక్క పేరూ తెలుసు.

పిల్లల్ని హాల్లోనే ఉంచమని టీచర్లకు చెప్పాను. మిగతా గదుల కప్పు వైపు చూశాను. అన్నీ ఒకే వయసువి. మా గుడి పక్క వీధిలో పల్లంలో ఉంది, మోకాలి లోతు నీళ్ళు. పిల్లల్ని ఇళ్ళకు పంపితే ఇళ్ళలో ఎవరూ లేరు.

అప్పుడు మా లెక్కల మాస్టారు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆయన తెల్లబట్టల సంఘం మనిషి. మా బడిలో మా సంఘం కానివాడు ఆయన ఒక్కడే. లెక్కలు అంత బాగా చెప్పేవాడు కాబట్టి మా కమిటీ చూసీచూడనట్టు ఊరుకుంది. "టీచర్, ఎదర బడి మేడ గట్టిది" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

అంతే. ఒకరి చొక్కా ఒకరు పట్టుకోమని పిల్లల్ని వరసగా నిలబెట్టాను. ఒకటో తరగతి పిల్లల్లో బాగా చిన్నదాన్ని మాస్టారు భుజానెక్కించుకున్నాడు. వానలో రోడ్డు దాటి ఆ గేటు కొట్టాం. నేను ఆ వీధిలోనే పుట్టి పెరిగానా, ఆ గేటు తట్టడం అదే మొదటిసారి.

వాచ్‌మన్ చిన్న కిటికీ తీసి మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. "ఏం టీచరమ్మా, మీ పిలకాయల్ని మీరే తోలకొచ్చి మా బడిలో చేరస్తా ఉండారా?"

వాడి వెనకే హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గొడుగుతో వచ్చింది. ఆమెది గుంటూరు వైపు. "ఏంటండీ అలా వానలో నిలబెట్టారు పసివాళ్ళని! రండి, రండి లోపలికి."

"సిస్టర్, మా కప్పు కూలిపోయింది. ఎన్నాళ్ళు పడతాదో తెలీదు."

"ఎన్నాళ్ళని నేనడిగానా? ముందు తలలు తుడవనివ్వండి."

వాళ్ళ కింది గదుల్లోకి కూడా నీళ్ళొచ్చాయి. వాళ్ళ పిల్లలంతా మేడ మీది తరగతుల్లో కిక్కిరిసి ఉన్నారు. మిగిలింది ఒకటే, సిస్టర్లు ప్రార్థన చేసుకునే పెద్ద గది. ఆమె తలుపు మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది. "ఇదొక్కటే ఖాళీ ఉందండీ. మీకు అభ్యంతరం లేకపోతే." నాకు అభ్యంతరం ఉందో లేదో ఆలోచించే తీరిక లేదు. పిల్లలు లోపలికి పోయి చాప మీద కూర్చున్నారు. ఎదురుగా చేతులు చాచిన మాత విగ్రహం. మా రెండో తరగతి పిల్ల ఒకతె గట్టిగా అడిగింది. "టీచర్, ఆమె ఎవురు?"

"యేసయ్యకు అమ్మ."

"అయితే మనోళ్ళే" అని ఆ పిల్ల పలక తీసింది.

మాస్టారు మాత్రం గది బయటే ఆగిపోయాడు. భుజం మీది పిల్లను దించి నాతో నెమ్మదిగా అన్నాడు. "టీచర్, నేను లోపలికి రాను. నా మనస్సాక్షి ఒప్పుకోదు. నా తరగతిని ఈడ వరండాలోకి పంపండి." జల్లు కొడుతోంది, తడుస్తారన్నాను. ఆయన విననట్టే నిలబడ్డాడు. ఇది విని సిస్టర్ ఇద్దరు పెద్ద పిల్లల్ని పిలిచి, నల్లబల్ల తీయించి వరండాలో జల్లు పడని మూల పెట్టించింది. ఆయన కూర్చోవడానికి ఒక స్టూలు కూడా వేయించింది. "మాస్టారూ, మా పదో తరగతికి లెక్కల టీచరు లేరు. వరండాలోకి వాళ్ళను కూడా పంపనా?" అని అడిగింది.

"పంపండి సిస్టర్. లెక్కలకు సంఘం లేదు గదా" అన్నాడాయన.

ఆ ఇద్దరూ తర్వాత ఎన్నో ఏళ్ళు కలిసి పనిచేశారు. ఆయన ఆ గదిలోకి ఏనాడూ రాలేదు, ఆమె ఏనాడూ రమ్మనలేదు. ఒకరినొకరు అంత గౌరవించుకున్న ఇద్దరు మనుషుల్ని నా ఉద్యోగంలో నేను మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రమే మా కమిటీ కార్యదర్శి మా ఇంటికొచ్చాడు. హార్బరులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అందరం పెద్దాయన అనేవాళ్ళం. గొడుగు కూడా ముడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమ్మా, మీ నాయనా నేనూ ఒకే గ్యాంగులో పనిచేసినోళ్ళం. ఆ మర్యాదకు అడగతా ఉండా. మన పిలకాయల్ని విగ్రహం ముందర కూర్చోబెట్టినావా లేదా?"

"కూర్చోబెట్టినా పెద్దాయనా. ఆ కప్పు కింద కూర్చోబెట్టలేక."

"సోమవారానికి ఎనక్కి తెచ్చేయాల. మన ఆవరణలో టార్పాలిన్ కట్టిస్తా."

"టార్పాలిన్ కింద వాన కొట్టదా?"

"వాన దేవుడు ఇచ్చేది. విగ్రహం మనుషులు పెట్టింది" అన్నాడు. మాటకు మాట చెప్పడంలో పేటలో ఆయన్ను మించినవాళ్ళు లేరు. "తీసుకురాకపోతే నిన్ను పక్కనపెట్టే దానికి కమిటీ వెనకాడదు. అప్పురం నన్ను అనుకోబాకు." తర్వాత నన్ను తప్పు పట్టొద్దు, అని.

సోమవారం వచ్చింది. నేను పిల్లల్ని తీసుకురాలేదు. మా అయ్యగారు ఒకసారి వచ్చి, గేటు బయట గొడుగు కింద నిలబడి, పిల్లల గొంతులు కాసేపు విని వెళ్ళిపోయారు. లోపలికి రాలేదు, నన్ను తిట్టనూ లేదు. ఆ రోజుల్లో ఆయన చేయగలిగింది అంతే. అది కూడా తక్కువ కాదని ఇప్పుడు అనిపిస్తుంది.

లోపల మా కష్టాలు మాకున్నాయి. ఆ సోమవారం పొద్దున రెండు బడుల పిల్లలనూ కలిపి నిలబెట్టి, ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పించాం. ప్రార్థన ఒక్కటే. కానీ తెలుగులో వాళ్ళ మాటలు వేరు, మా మాటలు వేరు. పైగా వాళ్ళు ఒకచోట ముగిస్తారు, మేము ఇంకొక వాక్యం చెప్పి ముగిస్తాం. పక్కపక్క పట్టాల మీద రెండు లోకల్ రైళ్ళు పందెం వేసుకున్నట్టు పిల్లలు గొంతులు పెంచారు. వాళ్ళు ఆమెన్ అన్నాక కూడా మావాళ్ళు ఇంకా అరుస్తున్నారు. వాళ్ళు నవ్వారు. మావాళ్ళు కొట్టడానికి పోయారు.

ఏ మాటలు ఉంచాలి, ఏవి తీసేయాలి అని టీచర్లందరం స్టాఫ్ రూములో తలలు పట్టుకున్నాం. సిస్టర్ చివరకు అంది. "దేన్నీ తీసేయొద్దండీ. ఎవరి మాటలు వాళ్ళే చెప్పుకుందాం, కాకపోతే నెమ్మదిగా. ముందు ముగించినవాళ్ళు కళ్ళు తెరవకుండా, మిగతావాళ్ళు అయ్యేదాకా ఆగుదాం." మర్నాటి నుంచి అలాగే చేశాం. మా పిల్లలు ఆ చివరి వాక్యం చెప్పేటప్పుడు వాళ్ళ పిల్లలు చేతులు జోడించి ఊరకే నిలబడేవాళ్ళు. పసిపిల్లలు ఇంకొకరి ప్రార్థన ముగిసేదాకా ఆగేవాళ్ళు. పెద్దవాళ్ళం మేమెవ్వరం అప్పటిదాకా ఆ పని చేసినట్టు లేదు.

ఈ సంగతులన్నీ అధికారిణి చెవిన పడ్డాయి. రెండు యాజమాన్యాలూ తన ముందు కూర్చుని ఆఖరి మాట చెప్పాలని, ఆమే కన్యాస్త్రీల బడికి వస్తానని కబురు చేసింది. మా ఉద్యోగాల్లో అంత బరువైన రోజు ఇంకొకటి లేదు. కుదరకపోతే రెండు బడులకూ తాళం. టీచర్లు తలా ఒక చోటికి, పిల్లలు తమిళ బడికి. నా సంగతి అంతకన్నా ముందే తేలిపోతుంది. మా కమిటీ నన్ను పక్కనపెట్టే తీర్మానం సిద్ధం చేసుకునే వచ్చింది.

ఆ రోజు పొద్దునే మేడ మీద వరండాలో కుర్చీలు వేశాం. మాస్టారు కూడా కూర్చోగలిగేది అక్కడే కాబట్టి. ఒకవైపు మా అయ్యగారు, పెద్దాయన, కమిటీ. ఇంకోవైపు ఫాదరు, సిస్టర్లు. పని ముగించుకుని తల్లిదండ్రులు ఒకరొకరే వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. చాలామంది ఇంకా కార్పొరేషన్ కోట్లలోనే ఉన్నారు.

అధికారిణి వచ్చి కూర్చుంది. "మొదలుపెట్టండి" అంది.

ప్రార్థనతో మొదలుపెడదామన్నారు ఎవరో. మా అయ్యగారు చేస్తారన్నాడు పెద్దాయన. బడి మాది, ఫాదరుగారు చేయడం మర్యాద అంది ఒక వృద్ధ సిస్టర్. పిల్లల్లో సగం మావాళ్ళన్నాడు పెద్దాయన. కప్పు మొత్తం మాదన్నారు అవతలివాళ్ళు. అయ్యగారు తల దించుకున్నారు. ఫాదరు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. గొంతులు పెరిగాయి. నేను సిస్టర్ వైపు చూశాను. ఆమె ముఖం పాలిపోయింది.

అధికారిణి కాసేపు విని లేచి నిలబడింది. "ప్రార్థన ఎవరు చేయాలో తేలకపోతే, బడి ఎవరు నడపాలో ఎట్లా తేలుతుంది?" అంది తమిళంలో. బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"మేడమ్, ఒక్క నిమిసం ఉండండి."

మెట్ల మీదినుంచి ఒక తల్లి ముందుకొచ్చింది. మా వీధి ఊడ్చేది ఆమే. ఇద్దరు బిడ్డలు నా బడిలో చదువుతున్నారు. బెదురుతూ మొదలుపెట్టింది, మాట్లాడే కొద్దీ బెదురు పోయింది.

"మా ఇంట్లో నేను అయ్యగారి గుడికి పోతా. మా ఆయన మాత గుడికి పోతాడు. మా అత్త తెల్లచీర కట్టుకోని ఆ గుడికి పోతాది. ఆదివారం పొద్దున ఇంటికి తాళమేసి తలా ఒక దిక్కు పోతాం. మద్దేనం ఇంటికొచ్చి ఒకే కుండలో కూడు తింటాం. మా అత్త పార్థన చేస్తాది, మేం కళ్ళు మూసుకుంటాం. మా ఆయన సిలువ గుర్తు ఏసుకుంటాడు, మా అత్త ఏమీ అనదు. ఆ కూడు మాకు అరగతానే ఉండాదే! మా ఇరుకింట్లో జరిగేది ఇంత పెద్ద బడిలో జరగదా సామీ?"

ఆమె పెద్దాయన వైపు తిరిగింది.

"పెద్దాయనా, మా నాయన హార్బరులో నీ కింద పనిచేసినాడు. ఓడలోంచి మూట దించేటప్పుడు, ఆ పక్క పట్టుకున్నోడు ఏ గుడికి పోతాడని నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?"

వాన వెలిసిన పొద్దు అది. కింద పిల్లలు పద్యం వల్లెవేస్తున్నారు. పెద్దాయన చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి నేల వైపు చూశాడు.

"అడగలా" అన్నాడు.

తలెత్తి, అధికారిణిని కాదు, ఫాదరును చూసి అన్నాడు. "సరి. బడి కలపండి. కానీ మా పిలకాయల్ని ఎవురూ మోకాళ్ళూనమని బలవంతం చేయకూడదు."

ఫాదరు వెంటనే అన్నారు. "చేయము. మోకాళ్ళూనే మా పిల్లలను ఎవరూ ఎగతాళి చేయకూడదు."

"చేస్తే నేను తోలు తీస్తా" అన్నాడు పెద్దాయన.

వరండా చివర తన స్టూలు మీదినుంచి మాస్టారు లేచాడు. "నాదీ ఒక మాట. ఈ బడిలో చేరిన బిడ్డను ఏ సంఘం వాళ్ళూ తమ సంఘంలోకి లాక్కోకూడదు. మా సంఘంతో సహా."

ఆ మాటకు రెండు సంఘాల పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అలా లాక్కోనివాళ్ళు ఆ వరండాలో ఎవరూ లేరు. అసలు భయమంతా అక్కడే ఉంది. విగ్రహం, నీళ్ళు, తెల్లబట్టలు అన్నీ పైపై మాటలు. మన మందలో గొర్రెను వాళ్ళు ఎత్తుకుపోతారని ప్రతివాడికీ భయం. ఆ భయాన్ని పేరు పెట్టి పిలిచినవాడు మాస్టారు ఒక్కడే. ముందు అయ్యగారు ఒప్పుకున్నారు. ఫాదరు లేచి వెళ్ళి మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. నన్ను పక్కనపెట్టే తీర్మానం పెద్దాయన జేబులోంచి బయటికే రాలేదు.

అధికారిణి మళ్ళీ కూర్చుంది. "ఇవేవీ మా రూల్సులో లేవు. కానీ బాగున్నాయి" అంది. పేరు దగ్గర ఒక పేచీ వచ్చింది. ఎవరి పునీతుడి పేరూ వద్దు, ఎవరి మిషనరీ దొర పేరూ వద్దని తేలాక ఏదో ఆఫీసు పేరు ఒకటి పెట్టారు. పేటలో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు. కలిసిన బడి అంటారు.

అంతా అయ్యాక ప్రార్థన సంగతి గుర్తొచ్చింది. "మీ ఇల్లు ఇది, ఫాదరుగారే చేయాల" అన్నాడు పెద్దాయన. "లేదు లేదు, వచ్చిన అతిథులు అయ్యగారు, వారే చేయాలి" అన్నారు ఫాదరు. ఇద్దరూ గట్టిగానే పట్టుబట్టారు. అధికారిణి తల మీద చెయ్యి పెట్టుకుని, "మరుపడియుమా?" మళ్ళీనా, అంది. మెట్ల మీద ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆఖరికి అయ్యగారు మొదలుపెట్టారు, ఫాదరు ముగించారు. భోజనం గంట కొడితే అందరూ పిల్లలతో పాటే వరసలో కూర్చుని సాంబారన్నం, గుడ్డు తిన్నారు.

ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. గర్వం పాపమని మాకు చిన్నప్పటినుంచీ చెబుతారు. చాలా వాటికి నేను క్షమాపణ అడిగి ఉంటాను గానీ, ఆ గర్వానికి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

తర్వాత అంతా సాఫీగా నడిచిందని చెబితే మీరు నమ్మొద్దు. మా సంఘంలో కొన్ని కుటుంబాలు అలిగి పిల్లల్ని తీసుకుపోయాయి. నా తోటి టీచరు ఒకామె, ఎన్నో ఏళ్ళ స్నేహితురాలు, నాతో మాట్లాడటం మానేసి వేరే బడికి బదిలీ అడిగి వెళ్ళిపోయింది. కథోలికుల ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నుదుట బూడిదతో వచ్చిన పిల్లల్ని చూసి మా పిల్లలు ఏడిపించారు. క్రిస్మస్ నాటకంలో మరియ ఎన్ని మాటలు మాట్లాడాలి అన్న దగ్గర నేను, సిస్టర్ వారం రోజులు ముభావంగా ఉన్నాం. చివరకు ఆమె కొన్ని వదులుకుంది, నేను కొన్ని కలిపాను. నాటకం మాత్రం చూడాలి! తెల్లబట్టల వాళ్ళు కూడా వచ్చి బయట కుర్చీలేసుకుని చూశారు. ఆ మరుసటి జూన్‌లో వాళ్ళ పిల్లలు మా బడిలో చేరారు. మాస్టారు ఉన్న చోట తమ బిడ్డను ఎవరూ లాక్కోరని వాళ్ళకు ధైర్యం.

మాస్టారు లెక్కలు చెప్పిన ఆ మొదటి కలిసిన పదో తరగతి మొత్తం పాసైంది. ఫలితాలు వచ్చిన రోజు మా వీధి ఊడ్చే ఆ తల్లి పని మానుకుని మరీ వచ్చి, వీధి చివరిదాకా మిఠాయి పంచింది. ఆమె పెద్ద బిడ్డ ఇంకా ఏడో తరగతే. "మన పిలకాయలే గదమ్మా" అంది.

సిస్టర్‌కు కొన్నేళ్ళకు గుంటూరు వైపు బదిలీ అయింది. వాళ్ళకు పొమ్మంటే పోవాల్సిందే. వెళ్ళేముందు నన్ను పట్టుకుని, "మీ ఈడ, ఆడ నాకు అలవాటైపోయిందండీ. అక్కడ నవ్వుతారేమో" అంది. ఆమె ఇప్పటికీ ఫోను చేస్తుంది. ఆమె అక్కడ, నేను ఈడ.

నేను రిటైరైన రోజు బడిలో చిన్న సభ పెట్టారు. పొగడ్తలు చాలా విన్నాను. ఎవరెవరు ఏమన్నారో ఇప్పుడు గుర్తులేదు. చివర్లో పెద్దాయన మాట్లాడతానన్నాడు. అప్పటికి ఆయనకు నడవటం కష్టమైంది. ఇద్దరు పట్టుకుని మైకు దగ్గరకు తెచ్చారు. మైకును ఒకసారి తట్టి, నా వైపు చూడకుండా, పిల్లల వైపు చూస్తూ అన్నాడు.

"ఈమెను ఈ ఉద్యోగంలోంచి పంపించేయాలని ఒకప్పుడు నేను నిండా పాటుపడినా. కుదరలా. ఇప్పుడు ఉంచుకోవాలని పాటుపడతా ఉండా. గవర్నమెంటు ఒప్పుకోలా. నా మాట ఎప్పుడూ ఎవురూ వినరు."

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. కర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు.